ఎదురుతన్ను

నేను ఒక కారు హ్యాండిల్‌ని. తలుపు తీసే పిడి అనుకునేరు, కాదు. ఆ కాలంలో కార్లకు తాళంచెవి తిప్పగానే లేచే సుఖం లేదు. ఒక మనిషి కారు ముందుకొచ్చి, వంగి, మూతి కింద ఉన్న రంధ్రంలో ఇనుప హ్యాండిల్ దూర్చి, ఒంట్లో బలమంతా పెట్టి తిప్పితేగాని ఇంజన్ లేచేది కాదు. ఆ హ్యాండిల్‌ని నేను. రెండుచోట్ల వంకర తిరిగి ఉంటాను. ఒక కొసన పళ్లు, రెండో కొసన మీరు పట్టుకునే చెక్కపిడి.

ఇప్పుడు విశాఖపట్నంలో ఒక మ్యూజియం గాజుపెట్టెలో, ఎర్ర ముఖమల్ గుడ్డ మీద నన్ను పడుకోబెట్టారు. జనం వచ్చి వంగి చూసి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అంటారు. ముద్దేమిటి నా మొహం! నేను మనుషుల మణికట్లు విరిచే జాతిదాన్ని. నన్ను చూస్తే మీరు రెండడుగులు వెనక్కి వెయ్యాలి.

ఒక మాట ముందే చెబుతున్నాను. పాత వస్తువులు నోరు విప్పితే మనుషుల్ని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకుంటాయని మీకొక నమ్మకం ఉంది. అలాంటి కథ కావాలంటే పక్క పెట్టెలో గ్రామఫోన్ ఉంది, దాని దగ్గరికి వెళ్లండి. నాకు మీరంటే పడదు. ఎందుకు పడదో చెప్పడానికే ఇదంతా.

ఇంగ్లీషు దొరల సీమలో ఏదో ఊళ్లో, ఒక కొలిమిలో పుట్టాను. పుట్టగానే సుత్తిదెబ్బలు. నా వంకర్లు నాకు ఇష్టమై వచ్చినవి కావు, కొట్టి తెప్పించినవి. తరవాత ఒక కారుకు నన్ను జోడించి ఓడెక్కించారు. మద్రాసులో దిగాక మొదట ఒక దొర కొన్నాడు. ఆ దొర నన్ను చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. బూటుకాలితో నా వైపు చూపించి నౌకరును పిలిచేవాడు. దొరకు కారు మీద మోజు తీరాక పార్వతీపురం వైపు ఒక చిన్న జమీందారుగారు దాన్ని తెప్పించుకున్నారు.

ఆ దివాణంలో కారును చూసుకున్న తీరు చెబితే మీకు నవ్వొస్తుంది, నాకు ఒళ్లు మండుతుంది. తోలు సీట్లు మెరవాలని కొబ్బరినూనె రాయించారు. చీమలు పట్టాయి. ఇత్తడి దీపాలను గుడి గంటలు తోమినట్టు వారం వారం చింతపండుతో తోమించారు. దీపాల మీద చెక్కిన పేర్లూ అంకెలూ కొన్నాళ్లకు చదునైపోయాయి. ఇంజన్‌లో నూనె మార్చాలన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఎండాకాలంలో కారు దగ్గుతూ ఆగిపోతే దిష్టి తగిలిందని గుమ్మడికాయ కొట్టారు.

ఆ కారుకు డ్రైవరు పైడయ్య. అంతకుముందు దివాణంలో ఎడ్లబండి తోలేవాడు. కారు వచ్చాక బండి మీద నుంచి లేపి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టారు. మొదట్లో కొన్నాళ్లు కారును కూడా "హోయ్, హోయ్" అని అదిలించేవాడు.

పైడయ్యది ఎడంచేతివాటం. పుట్టుకతో అంతే. ఎడంచేత్తోనే కొడవలి పట్టేవాడు, ఎడంచేత్తోనే తాడు పేనేవాడు, నన్నూ ఎడంచేత్తోనే తిప్పేవాడు. అందులో వాడి తెలివేమీ లేదు. అయితే ఆ ఎడంచెయ్యి వాణ్ణి ఎన్నిసార్లు కాపాడిందో వాడికి తెలీదు, నాకు తెలుసు. అదెలాగో చెబుతాను, కాస్త జాగ్రత్తగా వినండి.

స్టీరింగ్ చక్రం కింద ఒక చిన్న మీట ఉండేది. దాన్ని వెనక్కి లాగి పెడితే ఇంజన్ లోపల నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడుతుంది, ఇంజన్ బుద్ధిగా లేస్తుంది. మీట ముందుకు జరిగి ఉందా, నిప్పు తొందరపడుతుంది. అప్పుడు ఇంజన్ మీరు తిప్పిన వైపు తిరగదు, అడ్డం తిరుగుతుంది. నన్ను పట్టుకున్న చేతిని ఛెళ్లున తంతుంది. డ్రైవర్లు దాన్ని ఎదురుతన్ను అనేవారు. కుడిచేతివాటం మనిషి నన్ను పైనుంచి కిందికి తొక్కుతాడు, ఒంటి బరువంతా ఆ చేతి మీద వేసి. ఎదురుతన్ను వస్తే నేను కింద నుంచి లేస్తాను, వాడి బరువు పైనుంచి దిగుతుంది, నడుమ మణికట్టు నలుగుతుంది. ఎడంచేతివాటం మనిషి అటువైపు నుంచి, కింద వేళ్లు తగిలించి పైకి లాగుతాడు. నేను ఎదురు తంతే వాడి వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి, నేను జారిపోతాను. అంతే తేడా.

పైడయ్యను నేను చాలాసార్లు తన్నాను. ప్రతిసారీ వేళ్లు విచ్చుకునేవి. వాడు చెయ్యి విదిలించుకుని, "ఓసి నీ దుంపతెగ" అని తిట్టి మళ్లీ పట్టుకునేవాడు. ఆ చెయ్యికీ నాకూ స్నేహం ఉండేదని రాసుకోకండి. అలవాటు ఉండేది. దాని కాయలు ఎక్కడెక్కడున్నాయో నాకు తెలుసు, నా పిడి ఎక్కడ అరిగిందో దానికి తెలుసు.

ఒక దసరాకు ఆయుధపూజ పెట్టుకున్నారు. దివాణంలో కత్తులూ బల్లేలూ తుప్పు పట్టి చాలాకాలమైంది కాబట్టి ఆ ఏడు పూజంతా కారుకే. పసుపు పూశారు, బొట్లు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నాకు కూడా రెండు బొట్లు. పైడయ్య ఎప్పటిలాగే మీట వెనక్కి లాగి, దిగి, ముందుకొచ్చి నిలబడ్డాడు. వాడు దిగిన తరవాత జమీందారుగారు స్వయంగా బంతిపూల దండ తెచ్చి స్టీరింగ్ చక్రానికి వేశారు. బాగా లావుపాటి తడి దండ. దాని బరువుకు మీట ముందుకు జరిగింది. అది ఎవరూ చూడలేదు. కారు ఒళ్లంతా ఒకటే ఇనుము కాబట్టి నాకు తెలిసింది.

పైడయ్య ఎడంచెయ్యి నా మీద వేశాడు. జమీందారుగారి మొహం ముడుచుకుంది.

"ఏరా పైడయ్యా! పండగపూట, పూజ ముందు, ఎడంచెయ్యేమిట్రా? శుభమా అని మొదలుపెట్టేటప్పుడు ఆ చెయ్యా? మార్చు."

"నాకు ఇదే వాటం బాబూ."

"మార్చమన్నానా?"

వాడు మార్చాడు. జమీందారుగారు చెప్పాక మార్చకపోవడమన్నది వాడికి నేర్పలేదు. కుడిచెయ్యి నా మీద పడగానే నాకు కొత్త మనిషి చెయ్యి పడ్డట్టనిపించింది. కాయల్లేవు, పట్టు తెలీదు. పైనుంచి కిందికి తొక్కాడు. ఇంజన్ అడ్డం తిరిగింది. నేను చెయ్యాల్సిన పని నేను చేశాను. ఇంజన్ ఇచ్చినదాన్ని చేతికి అందజెయ్యడమే నా ఉద్యోగం. ఎముక విరిగిన చప్పుడు పూజారికి కూడా వినబడింది.

పైడయ్య కుడి మణికట్టు విరిగింది. కుడి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ ఊళ్లో ఎవరూ పెట్టుకోలేదు.

సాయంత్రానికి మాట పుట్టింది. ఎడంచేతివాడి చేత పండగ బండి ముట్టించారు, అమ్మవారికి కోపం వచ్చింది అని. దీపావళి నాటికి అది కాస్త మారింది. ఎడంచెయ్యి పెట్టబోయాడు, అమ్మవారు శిక్షించింది అని. ఏడాది తిరిగేసరికి ఇంకేం మిగిలింది? పైడయ్య ఎడంచేత్తో హ్యాండిల్ తిప్పాడు, చెయ్యి విరిగింది. జమీందారుగారు మార్చమన్న మాట ఆ కథలో ఎక్కడా లేదు. బంతిపూల దండ అసలే లేదు. పైడయ్య కూడా నోరెత్తి కాదనలేదు. దివాణం చెప్పినదాన్ని కాదంటే మిగిలిన చెయ్యి కూడా పోతుందనుకున్నాడేమో. పోనుపోను వాడే ఆ కథ నమ్మడం మొదలుపెట్టాడని నా అనుమానం. మీ మనుషుల సంగతి ఇక్కడే నాకు పూర్తిగా అర్థమైంది.

వంకరచెయ్యివాడు డ్రైవరు పనికి పనికిరాడని దివాణం నుంచి పంపేశారు. వెళ్తూ వెళ్తూ వాడొక పని చేశాడు. నన్ను గోనెసంచిలో చుట్టి చంకన పెట్టుకుపోయాడు. జీవితంలో వాడు చేసిన ఒకే ఒక్క ఎదురుతన్ను అది. నేను లేకపోతే కారు లేవదు. ఊరి కమ్మరి ఒక దొంగ హ్యాండిల్ చేసిపెట్టాడు గానీ దాని పళ్లు ఇంజన్‌లో పట్టలేదు. కొన్నాళ్లు కారుకు ముందు ఎడ్లు కట్టి లాగించి లేపారట. విని చాలాసేపు సంతోషించాను. చివరికి విసుగెత్తి కారును పశువులశాలలో పడేశారు.

పైడయ్య ఇంట్లో నా బతుకు ఏమంత బాగుందని? తలుపుకు గడియగా అడ్డం పెట్టారు. నూతిలో బాల్చీ తెగిపడితే తాడు కట్టి నన్ను దింపి వెతికించారు. కొబ్బరికాయలు కొట్టారు, కుక్కల మీదికి విసిరారు. సీమలో పుట్టి, ఓడలో వచ్చి, జమీందారు కారు లేపిన నేను వాకిట్లో కుక్కల్ని తోలాను. తరవాత గోడకు మేకు కొట్టి తగిలించారు. అక్కడ ఇంకా పెద్ద అవమానం మొదలైంది.

పైడయ్యకు లేకలేక ఒక కూతురు పుట్టింది, గౌరమ్మ. తండ్రి వంకరతిరిగిన కుడిచెయ్యి చూస్తూ పెరిగింది. ఆ చెయ్యి ముద్ద కలపలేదు కాబట్టి పైడయ్య ఎడంచేత్తో తినేవాడు. పెళ్లిళ్లలో భోజనాల బంతి నుంచి లేపి దూరంగా కూర్చోబెట్టేవారు. గౌరమ్మ లేచి వెళ్లి తండ్రి పక్కన కూర్చునేది. అన్నీ కళ్లతో చూసింది. కానీ చూసినదాన్ని పక్కన పెట్టి విన్నదాన్ని నమ్మింది.

పైడయ్య పోయిన చాలా ఏళ్లకు గౌరమ్మకు నూకరత్నం పుట్టింది. ఆ పిల్ల పాకే వయసులోనే ఎడంచెయ్యి ముందుకు చాపింది. గౌరమ్మ పాత చీర చింపి ఆ పేలికతో పిల్ల ఎడంచేతిని మొలతాడుకు కట్టేసింది. పిల్ల ఏడిస్తే గోడకు వేలాడుతున్న నన్ను చూపించేది.

"అదిగో, దాన్ని సూడు! మీ తాత ఎడంసేత్తో ముట్టుకుంటే సెయ్యి ఇరగ్గొట్టీసింది. నీకూ ఇరగ్గొడతాది. ఆ సెయ్యి తియ్యకు!"

నన్ను బూచివాణ్ణి చేశారు. అదీ చెయ్యని నేరానికి! ఏ చేతినైతే నేను ఒక్కసారి కూడా విరచలేకపోయానో ఆ చేతిని విరిచానని నా మీద ముద్ర వేసి, ఒక పసిపిల్లను దానితో భయపెట్టారు. నాకు నోరుంటే ఆ ఇంటి పైకప్పు ఎగిరిపోయేది. నాకు ఉన్నది పళ్లు మాత్రమే.

ఆ పిల్ల ఏడుస్తూనే నా వైపు చూసేది. భయంతో కాదు, కోపంతో. ఆ చూపు నాకు నచ్చింది. ఆ ఇంట్లో నా అంత కోపం ఇంకొకరికి ఉండటం అదే మొదటిసారి.

నూకరత్నం పెరిగి బస్సు కండక్టరు అయింది. బడిలో కుడిచేత్తో రాయించారు కాబట్టి రాత కోడిగెలుకుడు. బస్సులో రద్దీలో మరిచిపోయి ఎడంచేత్తో చిల్లర ఇస్తే పెద్దవాళ్లు పుచ్చుకోకుండా మొహం తిప్పుకునేవారు. "మా అమ్మ కట్టేసిన సెయ్యిలే, తొందరపడి బయటికొచ్చీసింది" అని నవ్వేసి చెయ్యి మార్చేది. ఇంటికొచ్చాక నవ్వేది కాదు. కూతురికి నలభై దాటినా గౌరమ్మ దాన్ని అన్నం దగ్గర గదమాయిస్తూనే ఉండేది.

ఇలా ఉండగా ఆ ఇంటికి ఒక పెద్దకారు వచ్చింది. అందులోంచి డాక్టర్ ఉదయభాస్కర్ దిగారు. విశాఖపట్నంలో పేరున్న ఎముకల డాక్టరు. సెలవురోజుల్లో ఆయనకు ఇంకో పిచ్చి, పాత కార్లు బాగుచెయ్యడం. పశువులశాలలో పడి ఉన్న మా కారు అస్థిపంజరాన్ని జమీందారు వారసుల దగ్గర కొన్నారు. హ్యాండిల్ ఫలానా డ్రైవరు పట్టుకుపోయాడని ఊళ్లోవాళ్లు చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

ఈ పాతకార్ల మనుషులకు ఒక మాట ఉంది, ఒరిజినల్. దేవుడి పేరు కూడా అన్నిసార్లు తలవరు. డాక్టరుగారి కారుకు బాడీ కోయంబత్తూరులో కొట్టించారు, సీట్లు చెన్నైలో కుట్టించారు, టైర్లు సముద్రం దాటి వచ్చాయి, చక్రాల కర్రలు కాకినాడ వడ్రంగివి. అయినా వచ్చినవాళ్లందరితో "అంతా ఒరిజినలేనండీ" అంటారు. అరిగిన తుంటికీలు తీసి కొత్తది వేసి "మీ కాలే కదండీ" అని పంపడం అలవాటైన మనిషి కాబట్టి ఆయనకు అందులో అబద్ధమేమీ కనిపించదు.

గోడ మీద నన్ను చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. ఏం కావాలో అడగమన్నారు. గౌరమ్మ, "పీడ వదిలిపోతాది, ఊరికే అట్టుకుపోండి బాబూ" అంది. నూకరత్నం అడ్డొచ్చింది.

"ఊరికే ఇవ్వను డాక్టరుగారూ. బండి తయారయ్యాక మొదటిసారి నేనే తిప్పాలి. ఎడంచేత్తో తిప్పాలి."

"ఒలే, నీకు మతి పోయిందేటి!" అని గౌరమ్మ దాని భుజం పట్టుకుంది.

"పోలేదమ్మా. ఊహ తెలిసిన కాడి నుంచి ఇది నా సెయ్యి ఇరగ్గొడతాదని సెప్పినావు. తేలిపోనీ. ఇరిగితే ఇరగనీ, ఉద్యోగం పోతే పోనీ, నువ్వు సెప్పిందే నిజమని ఒప్పుకుంటాను. ఇరక్కపోతే ఇంక నా సెయ్యి జోలికి రాకు. ఎప్పుడూ రాకు."

డాక్టరుగారు ఇదేదో తమాషా అనుకుని, సరేనమ్మా అని నవ్వి నన్ను పట్టుకుపోయారు.

డాక్టరుగారి షెడ్డులో నాకు జరిగిన మర్యాద వినండి. నా తుప్పు గీకారు, అంతవరకు ఫరవాలేదు. పైడయ్య ఎడంచేతి వేళ్లు పడి పడి అరిగిన చెక్కపిడిని మాత్రం ఊడగొట్టి అవతల పారేశారు. "షేప్ పోయిందండీ" అన్నాడు షెడ్డు మేస్త్రి. టేకుతో నున్నటి కొత్తపిడి వేసి వార్నీషు పూశారు. వీళ్లు వెతుక్కుంటూ వచ్చిన ఒరిజినల్ నా ఒంట్లో అదొక్కటే. దాన్ని టీ మరగబెట్టుకునే పొయ్యిలో పెట్టుకున్నారు.

మళ్లీ దసరా వచ్చింది. డాక్టరుగారి ఇంటిముందు పందిరి వేశారు. పాతకార్ల క్లబ్బువాళ్లు గుండ్రటి టోపీలు పెట్టుకుని వచ్చారు. దొరలు పెట్టుకునే రకం. అసలు దొరను మోసిన కారు హ్యాండిల్‌ని నేను, నాకు తెలుసు, ఆ దొరకు బట్టతల మీద చెమట పట్టేది, టోపీ తీసి గోక్కునేవాడు. పూజారి వచ్చాడు. గౌరమ్మ ఒక పక్కన స్తంభం పట్టుకుని నిలబడింది, పెదాలు కదులుతున్నాయి. ఏ దేవుడికి మొక్కుకుంటోందో గానీ ఒక్కరిని కూడా వదిలిపెట్టినట్టు లేదు.

మేస్త్రి మీట వెనక్కి లాగి పెట్టి దిగాడు. అప్పుడు డాక్టరుగారి అత్తగారు ఒక దండ తెచ్చి స్టీరింగ్ చక్రానికి వేశారు. బంతిపూలదండే. తడిగా, బరువుగా. మీట ముందుకు జరిగింది.

చూశారా? అన్నేళ్లు గడిచాయి, అంత చదువు వచ్చింది, ఈ ఒక్క పని మాత్రం మీరు మరిచిపోలేదు.

నూకరత్నం కొంగు దోపుకుని ముందుకొచ్చింది. ఎడంచెయ్యి నా మీద వేసింది. అత్తగారు ఊరుకుంటారా?

"అయ్యో, అదేం చెయ్యమ్మా? మంచిరోజు, ఆ చెయ్యి వద్దు తల్లీ. కుడిచెయ్యి పెట్టు."

పూజారి తల ఊపాడు. ఫోటోలు తీసే ఆయన కూడా, కుడిచెయ్యైతే మొహం బాగా పడుతుందన్నాడు. డాక్టరుగారు ఇబ్బందిగా నవ్వుతూ, "పోనీ పెద్దవాళ్లు చెబుతున్నారు కదమ్మా, చెయ్యి మార్చరాదూ" అన్నారు.

ఈ మాటే అప్పుడు విన్నాను. పైడయ్య చెయ్యి మార్చాడు, మణికట్టు విరిగింది. నేను కాచుకుని ఉన్నాను.

"మార్చనండి," అంది నూకరత్నం. అంతే అంది. కింద వేళ్లు తగిలించి పైకి లాగింది.

నిప్పు తొందరపడింది. ఇంజన్ అడ్డం తిరిగింది. తుప్పు పట్టి గోడకు వేలాడిన అన్నేళ్ల కసి కూడా కలిపి తన్నాను. ఆమె వేళ్లు విచ్చుకున్నాయి. నేను జారిపోయి గాల్లో గిర్రున తిరిగి ఖంగున ఆగాను. ఆమె వెనక్కి పడి నేలమీద చతికిలబడింది. పందిరంతా కెవ్వుమంది.

నూకరత్నం చెయ్యి పైకెత్తి చూసుకుంది. వేళ్లు ముడిచింది, చాపింది. మళ్లీ ముడిచింది, మళ్లీ చాపింది. అన్నీ ఉన్నాయి, అన్నీ కదులుతున్నాయి. ఆమె మొహం వెలిగిపోయింది. అది చూసి సంతోషించానని చెప్పను గానీ, దుఃఖించలేదు.

జనం ఏమన్నారో ఊహించగలరా? "చెబుతూనే ఉన్నాం, ఎడంచెయ్యి పెట్టింది, బండి ఎదురు తిరిగింది" అన్నారు. అత్తగారు చెంపలు వేసుకున్నారు. ఇంకో కథ అప్పుడే పుట్టేసింది, నా కళ్ల ముందే, ఆ చెయ్యి చెక్కుచెదరకుండా అక్కడ ఉండగానే.

"నేను చూస్తాలెండి" అని డాక్టరుగారు ముందుకొచ్చారు. ఉంగరం తీసి భార్యకిచ్చారు. చొక్కా కుడిచెయ్యి మడిచారు. ఎన్ని వందల ఎముకలు అతికించిందో ఆ చెయ్యి! సున్నితంగా, తెల్లగా, నా మీద పడింది. బొటనవేలు కూడా పిడి చుట్టూ బిగించి పట్టుకున్నారు. అదింకా మంచిది, మణికట్టుతో పాటు అది కూడా పోతుంది. పైనుంచి తొక్కడానికి భుజం వంచారు. దండ ఇంకా అక్కడే ఉంది, మీట ఇంకా ముందుకే ఉంది. నాకు ఇంతకంటే మంచిరోజు మళ్లీ రాదనుకున్నాను.

"వద్దు బాబూ!"

గౌరమ్మ కేక అది. స్తంభం వదిలేసి పరిగెత్తుకొచ్చింది. నా వైపు చూస్తోంది. నేను ఎటు నుంచి ఎటు తిరిగానో ఇందాక కళ్లారా చూసింది. గాల్లో తన కుడిచేత్తో ఒకసారి కిందికి తొక్కినట్టు చేసి చూసుకుంది. మధ్యలో ఆగిపోయింది.

"మా అయ్యకిరిగింది కుడిసెయ్యి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. నూకరత్నం నేలమీద నుంచే తల్లి వైపు తిరిగింది.

"కుడిసెయ్యే గదే! నాను సూస్తూనే పెరిగినాను గదే! ఆ సెయ్యి ముద్ద కలపలేకే గదా ఎడంసేత్తో తినీవోడు. ఎడంసెయ్యి ఎట్టినందుకు ఇరిగితే ఎడంసెయ్యి ఇరగాల. కుడిసెయ్యి ఎందుకిరిగింది? ఎందుకిరిగిందే? ఓలమ్మో, ఇన్నాళ్లూ నాకు ఇది తోచనేలేదు!"

డాక్టరుగారు నన్ను వదలకుండానే అడిగారు. "ఎక్కడ విరిగిందమ్మా?"

గౌరమ్మ తన కుడి మణికట్టు మీద, బొటనవేలి వైపు వేలు పెట్టి చూపించింది.

ఆయన మొహం మారింది. ఆయన చదువుకున్న పుస్తకాల్లో ఆ విరుపుకు డ్రైవర్ల పేరే పెట్టారు. పాతకాలంలో కారు హ్యాండిల్ ఎదురు తంతే డ్రైవర్లకు సరిగ్గా అక్కడే విరిగేది. పరీక్షకు చదివారు, రాశారు, పాసయ్యారు. పుస్తకంలో చదివిన విరుపు ఈ హ్యాండిల్ వల్లేనని ఇప్పుడు తట్టింది. ఆయన వేళ్లు ఒక్కొక్కటే నా మీద నుంచి లేచాయి. చెయ్యి జేబులో పెట్టుకుని, "ఇవాళొద్దు, టైమింగ్ ఒకసారి చూడాలి" అని మేస్త్రితో అన్నారు. నోటికాడి ముద్ద లాగేసింది గౌరమ్మ. ఆవిడ మీద నాకు ఆ కోపం ఇంకా ఉంది.

దండ సంగతి అప్పుడూ ఎవరికీ తెలియలేదు. టైమింగ్ చూడటానికి మేస్త్రి ముందు దండ తీసి పక్కన పడేశాడు, మీట మామూలుగా వెనక్కి లాగాడు, అంతా బాగానే ఉందని తల గోక్కున్నాడు.

పూజారి ప్రసాదం పంచడం మొదలుపెట్టాడు. కొబ్బరిముక్కలూ చక్కెరా. నూకరత్నం లేచి, చీర దులుపుకుని, వరసలో నిలబడింది. తన వంతు రాగానే అలవాటు ప్రకారం కుడిచెయ్యి చాపింది. పక్కనే ఉన్న గౌరమ్మ ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"ఆ సెయ్యి కాదే," అంది. "నీ సెయ్యి సాపు."

పూజారి అత్తగారి వైపు చూశాడు. అత్తగారు ఏదో అనబోయారు. గౌరమ్మ ఆవిడ వైపు చూసిన చూపు నాకు బాగా తెలిసినదే, గోడ మీద ఉన్నప్పుడు ఒక పసిపిల్ల కళ్లలో చూశాను. నూకరత్నం ఎడంచెయ్యి చాపి నిలబడింది. దించలేదు. కొబ్బరిముక్క అందులో పడింది.

ఆ తరవాత డాక్టరుగారు కారుకు బ్యాటరీ పెట్టి బటన్ నొక్కితే లేపే మోటారు బిగించారు. ఇప్పుడు అది ఊరేగింపుల్లో తిరుగుతుంది, అంతా ఒరిజినలేనట. నాతో పనిలేక నన్ను ఈ పెట్టెలో పెట్టించారు. కింద ఒక అట్టముక్క మీద నా గురించి రాశారు. పక్కనే బొమ్మ కూడా వేశారు, టోపీ పెట్టుకున్న మనిషి నన్ను తిప్పుతున్నట్టు. కుడిచేత్తో.

సెలవురోజుల్లో మీరంతా వస్తారు. గాజు మీద చేతులు ఆనించి చూస్తారు. మరకలన్నీ కుడిచేతివే. కొన్నాళ్ల కిందట ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు, ఒక ముసలావిడా, కండక్టరు చొక్కా వేసుకున్న ఇంకో ఆవిడా. బొమ్మను చూసి ఇద్దరూ నవ్వుకున్నారు. చిన్నావిడ ఎడంచెయ్యి నిండుగా గాజుకు ఆనించి కాసేపు ఉంచింది. ఐదువేళ్లూ తిన్నగా పడ్డాయి. మర్నాడు పొద్దున్న తుడిచేవాడు వచ్చి దాన్ని తుడిచేశాడు. వాడంటే కూడా నాకు పడదు.